రెండడుగుల ట్యాంకుకు తగిన సిక్లిడ్లు



రంగు చేపల దుకాణానికి వెళ్లినవాళ్లు చాలామంది ఒక తొట్టి ముందు తప్పకుండా ఆగుతారు. అందులో వేలెడంత నల్లటి చేపపిల్లలుంటాయి, ఒంటిమీద నారింజ రంగు చారలు. మిగతా చేపలు మనిషిని పట్టించుకోవు. ఇవి మాత్రం అద్దం దగ్గరికొచ్చి మన ముఖంలోకి చూస్తాయి. వేలు ఎటు కదిపితే అటే వస్తాయి. పక్కనున్న పిల్లవాడు "నాన్నా, ఇవే కావాలి" అంటాడు. ఇంట్లో రెండడుగుల ట్యాంకు ఉండనే ఉంది. కవర్లో ఆక్సిజన్ కొట్టించి తెచ్చేసుకుంటారు. ఆ చేప పేరు ఆస్కార్. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం. సరిగా మేపితే ఏడాది తిరిగేసరికి అది అడుగు పొడవుకు దగ్గరపడుతుంది. మన ట్యాంకు వెడల్పే ఒక అడుగు. అంటే ఆ చేప ఒళ్లు వంచకుండా వెనక్కి తిరగలేదు.

ఆస్కార్ ఉదాహరణతో ఎందుకు మొదలుపెట్టానంటే, చిన్న ట్యాంకుకు చేపను ఎంచుకునేటప్పుడు చూడాల్సింది దుకాణంలో అది ఎంత ఉందన్నది కాదు. పెద్దదయ్యాక ఎంతవుతుంది, సొంత నీళ్లలో అది ఎంత జాగాలో బతుకుతుంది అన్నది. ఈ రెండో ప్రశ్న సిక్లిడ్ల విషయంలో మరీ ముఖ్యం.

ఈ సిక్లిడ్ల కుటుంబం మనకు కొత్తదేమీ కాదు. చేపల మార్కెట్లో కుప్పలు పోసి అమ్మే తిలాపియా సిక్లిడే. మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. ఇవాళ అది లేని చెరువును వెతుక్కోవాలి. కేరళవాళ్లు కరిమీన్ అని ఇష్టంగా తినే చేప, 2010లో తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న చేప, అదీ సిక్లిడే. మన పులికాట్ సరస్సులోనూ ఉంది. ప్రపంచం మొత్తమ్మీద శాస్త్రజ్ఞులు పేరుపెట్టిన సిక్లిడ్లు 1,700కు పైమాటే. అంగుళం దాటగానే ఎదుగుదల ఆగిపోయేవీ ఉన్నాయి, రెండున్నర అడుగుల దాకా పెరిగేవీ ఉన్నాయి.

ఇంతమంది వీటి వెంట పడటానికి కారణం రంగులొక్కటే కాదు. చాలా చేపలు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి, కొన్నయితే తామే తినేస్తాయి. సిక్లిడ్ అలా కాదు. గుడ్లకు కాపలా కాస్తుంది, రెక్కలతో విసురుతుంది, పాడైన గుడ్డును నోటితో ఏరి పారేస్తుంది. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక మేతకు తిప్పుతుంది, తప్పిపోయినదాన్ని నోట్లో పెట్టుకుని తెచ్చి గుంపులో ఉమ్ముతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి పెంచే జాతులు చాలా ఉన్నాయి. ఇంట్లో కూర్చుని ఇంత దగ్గరగా చూడగలిగే సంసారం ఇంకో చేపలో నాకు కనిపించలేదు.

ఆ సంసారానికి ఇలాకా కావాలి. ఈ ప్రేమకు రెండో ముఖం అదే. గుడ్లు పెట్టిన జంట తన చుట్టూ ఇంకో ప్రాణిని రానివ్వదు. చెరువులోనో సరస్సులోనో అయితే తరిమించుకున్న చేప పారిపోతుంది. ట్యాంకులో ఎక్కడికి పారిపోతుంది? మూలన, పైకి, నీటి అంచున తలపెట్టి నిలబడుతుంది. రెక్కలు చిరిగిపోతాయి. రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. జీబ్రా చారలుండే కాన్విక్ట్ సిక్లిడ్ నాలుగు అంగుళాలకు మించి పెద్దగా పెరగదు, అయినా చిన్న ట్యాంకులో దాని జంట మిగతా చేపలన్నిటినీ చంపేయగలదు. కాబట్టి చిన్న చేపల్లోనూ చిన్న ఇలాకాతో సరిపెట్టుకునేది ఏదో వెతకాలి.

ముందు మన ట్యాంకు సంగతి చూద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్కకు 56 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా నికరంగా 45 లీటర్ల నీళ్లు పడతాయి. ఇసుకతో, అద్దంతో కలిపి బరువు 60 కిలోలు దాటుతుంది, పల్చటి చెక్క అలమారా మీద పెట్టకండి. అడుగునుండే చిన్న సిక్లిడ్లకు ఎత్తు వల్ల ఒరిగేది లేదు. వాటి కొట్లాటలైనా, కాపురమైనా నేలమీదే. కొత్తగా కొనేవాళ్లు ఎత్తుగా అందంగా ఉన్న ట్యాంకు కన్నా, అదే డబ్బుకు అడుగు భాగం వెడల్పుగా ఉన్నది తీసుకోండి. గుండ్రటి గాజు బౌల్ అయితే మాత్రం సిక్లిడ్ మాట మరిచిపోండి.

ఏవి వద్దో త్వరగా చెప్పేస్తాను. ఆస్కార్ సంగతి విన్నారు. తలమీద పెద్ద బుడిపె ఉండే ఫ్లవర్‌హార్న్, 1990లలో మలేషియాలో సంకరం చేసి పుట్టించిన చేప. అదృష్టమని, వాస్తుకు మంచిదని చాలామంది కొంటారు. అదీ అడుగు దాకా పెరుగుతుంది. పసుపు, నీలం రంగుల్లో మెరిసే ఆఫ్రికా మలావీ సరస్సు చేపలకు కనీసం నాలుగడుగుల ట్యాంకు ఉండాలి. ఏంజెల్ ఫిష్ కూడా సిక్లిడే అని చాలామందికి తెలియదు. రెక్కల కొస నుంచి కొసకు అది ముప్పాతిక అడుగు ఎత్తు దాటొచ్చు. అడుగు ఎత్తు ట్యాంకులో ఇసుక పోశాక దానికి ఇంకేం మిగులుతుంది? ఇక ప్యారట్ ఫిష్. తైవాన్‌లో సంకరం చేసి తీసిన చేప ఇది. దాని నోరు పూర్తిగా మూసుకోదు, మేత నమలడానికి కష్టపడుతుంది. కొన్నిటికి సూదితో రంగులు ఎక్కిస్తారు, కొన్నిటి ఒంటిమీద బొమ్మలు, అక్షరాలు పొడుస్తారు. దయచేసి అలాంటివి కొనకండి. మనం కొన్నంతకాలం వాటిని తయారు చేస్తూనే ఉంటారు.

ఇప్పటికే ఇంట్లో ఆస్కార్ పెరిగిపోయి ఇబ్బంది పడుతున్నవాళ్లు ఎవరైనా వింటుంటే, వాళ్లకొక మాట. దాన్ని చెరువులో వదలొద్దు, కాలువలో వదలొద్దు. తిలాపియా ఏమైందో చూశాం. అద్దానికి పట్టిన పాచి తింటుందని తెచ్చుకున్న సక్కర్ ఫిష్ ఇవాళ డెవిల్ ఫిష్ అన్న పేరుతో మన చెరువుల్లో రైతుల వలలు చింపుతోంది. పెద్ద ట్యాంకున్నవాళ్లకు ఇవ్వండి, లేదా దుకాణంవాళ్లనే వెనక్కి తీసుకోమని అడగండి. అడిగితే తీసుకునేవాళ్లు ఉన్నారు.

చిన్న ట్యాంకుకు ఏవి సరిపోతాయో చెప్పే ముందు మీ ఇంటి నీళ్లెలాంటివో తెలియాలి. ఆ ఒక్క విషయం తేలితే సగం ఎంపిక దానంతట అదే అయిపోతుంది. ఆర్వో మిషన్ బిగించడానికొచ్చే అబ్బాయి జేబులోంచి టీడీఎస్ మీటరు తీసి నీళ్లలో ముంచుతాడు చూడండి, ఆ అంకె అడిగి రాసుకోండి. తాగేనీటిలో 500 దాకా పర్వాలేదని మన దేశ ప్రమాణం. మన ఊళ్లలో చాలా బోర్లు దాన్ని దాటేస్తాయి. మీటరు లేకపోయినా తెలుస్తుంది. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది. అవి కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లు. సముద్రం పక్క ఊళ్లలో నీళ్లు ఉప్పగా ఉండొచ్చు, అది వేరే సంగతి. ఉప్పదనం, కఠినత్వం ఒకటి కావు. అనుమానముంటే అక్వేరియం దుకాణంలో దొరికే హార్డ్‌నెస్ కిట్‌తో చూసుకోవాలి. నదినీళ్లు కుళాయిలో వచ్చే ఊళ్లలో మామూలుగా అంత గట్టిగా ఉండవు, కానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది. యాంటీక్లోరిన్ చుక్కలు వేయకుండా పోస్తే చేపల మొప్పలు కాలిపోతాయి.

నీళ్లు గట్టిగా ఉన్నప్పుడు చాలామంది వాటిని మార్చబోతారు. ఆ మందూ ఈ పొడీ పోసి పీహెచ్ దించుతారు. రెండు రోజులకు మళ్లీ పైకొస్తుంది, మళ్లీ దించుతారు. ఆ ఊగిసలాటలో చేప చస్తుంది. అలా చేయకుండా మీ నీళ్లకు సరిపడే చేపనే తెచ్చుకోండి.

పప్పు ఉడకని బోరు నీళ్లున్న ఇంటికి నేను చెప్పే చేప షెల్ డ్వెల్లర్. అంటే నత్తగుల్లల్లో కాపురముండే చేప. ఇది ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సుది. టాంజానియా, కాంగో, బురుండి, జాంబియా, ఈ నాలుగు దేశాల మధ్య 670 కిలోమీటర్లు సాగే సరస్సు అది. లోతు 1,470 మీటర్లు. నీళ్లు బాగా క్షారగుణం కలవి, పీహెచ్ తొమ్మిది దాకా ఉంటుంది. ఆ నీళ్లలో సున్నం పుష్కలం కాబట్టి చచ్చిన నత్తల గుల్లలు తొందరగా కరగవు. ఇసుక మీద పేరుకుపోతూ వచ్చాయి. చుట్టూ దాక్కోవడానికి రాయి లేదు, రప్ప లేదు. అలాంటి బయలులో పెద్ద చేపల నుంచి తప్పించుకోవడానికి కొన్ని సిక్లిడ్లు ఆ ఖాళీ గుల్లల్లో దూరాయి. గుల్లలో పట్టేంత చిన్నగా ఉండిపోయాయి. పైన చెప్పిన రెండున్నర అడుగుల సిక్లిడ్ కూడా ఈ సరస్సులోనే ఉంది. దాని పక్కనే అంగుళం పైచిలుకు ఆడచేప తన గుల్లలో పిల్లల్ని పెంచుకుంటుంది.

వీటిలో రెండు జాతులు మనకు పనికొస్తాయి. ఒకటి మల్టీఫాసియాటస్, పెంచేవాళ్లు ముద్దుగా మల్టీ అంటారు. మగది రెండంగుళాలకు లోపు, ఆడది ఇంకా చిన్నది. ఒంటినిండా సన్నటి అడ్డచారలు. ఇవి గుంపుగా బతుకుతాయి. పెద్ద పిల్లలు ఊరు వదిలి పోవు, పక్క గుల్లలోనే వేరు కాపురం పెడతాయి. ఒక్కో ఆడచేప ఇలాకా గుల్ల చుట్టూ కొద్ది అంగుళాలే. అందుకే రెండడుగుల ట్యాంకు వాటికి ఒక ఊరంత. పిల్లచేపలు ఐదారు ఒకేసారి కొని, ఇరవై దాకా గుల్లలు పరిచి వదిలేస్తే జంటలు అవే కుదుర్చుకుంటాయి. రెండోది ఒసెల్లాటస్. రెండంగుళాల చేప, మొప్ప మీద బంగారు అంచున్న నల్లటి చుక్క, ముందుకు పొడుచుకొచ్చిన కళ్లు. దీనికి కోపం ఎక్కువ. ట్యాంకులో చెయ్యి పెడితే వేలిని పొడుస్తుంది. దీన్ని ఒక మగ, రెండు ఆడ చొప్పున ఉంచండి. రెండో మగచేపకు మన ట్యాంకులో చోటు లేదు.

ఒసెల్లాటస్ కొత్త గుల్లను సొంతం చేసుకునే తీరు చూసి తీరాలి. ముందు నాలుగు వైపులా తిరిగి చూస్తుంది. లోపలికి తల పెట్టి, బయటికొచ్చి, తిరిగి ఈసారి తోకతో వెనక్కి దూరి కొలత చూసుకుంటుంది. నచ్చితే పని మొదలు. గుల్ల కింద ఇసుకలోకి ముక్కు దించి నోటినిండా ఇసుక తీస్తుంది, నాలుగంగుళాలు పక్కకెళ్లి ఉమ్మేస్తుంది. అలా గంటల తరబడి. గుల్ల కొంచెం కొంచెంగా కుంగుతుంది. తరవాత గుల్లకు వీపు పెట్టి, ఒళ్లంతా గట్టిగా ఆడిస్తూ ఇసుకను దానిమీదికి ఎగజిమ్ముతుంది. చివరికి గుల్లంతా పూడిపోయి, నోరు మాత్రమే ఇసుక మట్టానికి తెరుచుకుని ఉంటుంది. పెద్ద చేపకు ఆ ఇల్లు కనబడదు. తను మాత్రం నీడ పడితే చాలు, రెప్పపాటులో లోపలుంటుంది. అందుకని ఇసుక రెండంగుళాల మందానికి తగ్గకుండా పోయాలి. గరుకు గులకరాళ్లు వద్దు. సన్నగా జల్లించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగిన ఏటి ఇసుక చాలు.

గుల్లల కోసం ఆఫ్రికా దాకా వెళ్లక్కర్లేదు. మన వరిపొలాల గట్లమీద, చెరువు ఎండిన చోట ఆపిల్ నత్తల ఖాళీ గుల్లలు దొరుకుతాయి. గోలీ పట్టేంత నోరున్నవి ఏరండి. పావుగంట మరగబెట్టి, లోపల కుళ్లినదేమీ మిగలకుండా కడిగి వాడండి. వాటిలోని సున్నం నీళ్లను ఇంకొంచెం గట్టిపరుస్తుంది. ఈ చేపలకు అది మేలే. ఒక్క జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోవాలి. పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి పెరిగితే నీళ్లలోని అమ్మోనియాలో విషంగా మారే వాటా దాదాపు పదింతలవుతుంది. అంటే గట్టినీళ్ల ట్యాంకులో మేత ఎక్కువ వేసి కుళ్లబెట్టడం మరీ ప్రమాదం.

మీ నీళ్లు మెత్తటివైతే, లేదా ఆర్వో నీళ్లు కలిపి మెత్తబరచగలిగితే, దక్షిణ అమెరికా మరుగుజ్జు సిక్లిడ్లు ఉన్నాయి. దుకాణాల్లో ముందుగా కనిపించేది రామ్. వెనిజులా, కొలంబియాల గడ్డిమైదానాల వాగుల్లోది. ఎర్రటి కన్ను, కంటి మీదుగా నల్లటి గీత, ఒంటిమీద నీలి మెరుపులు. మొదటిసారి చూసినవాళ్లకు ఇది నిజం చేపేనా అనిపిస్తుంది. దీనికి 28, 29 డిగ్రీల వెచ్చటి నీళ్లు కావాలి. బెజవాడ ఎండలకు మిగతా చేపలు రొప్పుతున్నా ఇది తట్టుకుంటుంది. కానీ మురికి మాత్రం ఓర్చుకోదు. కొత్త ట్యాంకులో వేస్తే నెల తిరక్కుండా పోతుంది. రంగు తేలడానికి హార్మోన్లు పెట్టిన రామ్‌లు కూడా అమ్మకానికొస్తాయి. అంగుళం కూడా లేని పిల్లకు పెద్ద చేప రంగులుంటే అనుమానించండి. బంతిలా పొట్టిగా ఉబ్బిన బెలూన్ రామ్‌ను నేను ఎవరికీ చెప్పను. ఆ వెన్నెముక వంకరను కావాలని పెంచారు, దాని లోపలి అవయవాలకు చోటు ఉండదు. మామూలు రామ్ కన్నా మొండిది బొలీవియన్ రామ్. రంగులు కాస్త తక్కువ, ఆయుష్షు ఎక్కువ. మొదటిసారి పెంచేవాళ్లకు నా ఓటు దానికే.

ఎపిస్టోగ్రామాలు ఇంకో రకం. వీటిలో కకటువాయిడిస్ అనేది సులువుగా దొరుకుతుంది, మన నీళ్లకు త్వరగా అలవాటు పడుతుంది. మగదానికి వీపు రెక్క ముందుభాగం జుట్టు దువ్వనట్టు నిక్కబొడుచుకుని ఉంటుంది, మూడంగుళాల పొడవు. ఆడది రెండంగుళాలు, బూడిద రంగు, మామూలు రోజుల్లో ఎవరూ చూడరు. గుడ్లు పెట్టగానే అది పచ్చటి పసుపులోకి మారుతుంది, నల్లటి గీతలు తేలతాయి. అప్పటిదాకా పెత్తనం చేసిన మగదాన్ని ట్యాంకు ఆ చివరికి తరుముతుంది. పిల్లలు బయటికొచ్చాక ప్రమాదం కనిపిస్తే ఒళ్లు ఒక్కసారి ఝల్లుమనిపిస్తుంది, పిల్లలన్నీ టక్కున నేలకు అతుక్కుపోతాయి. తల్లి మళ్లీ కదిలేదాకా ఒక్కటీ కదలదు. ఒక మగ, ఒకటో రెండో ఆడ, అంతే వేయండి.

వీటికి గుహ కావాలి. కొబ్బరి చిప్పకు అంచున బొటనవేలు పట్టేంత కంత చేసి, మరగబెట్టి, బోర్లించండి. మన వీధుల్లో ఉండే బాదం చెట్టు కింద ఎండి రాలిన ఎర్రటి ఆకులు కడిగి రెండు మూడు వేయండి. వాటి పసరు నీళ్లను లేత టీ రంగులోకి మార్చి, కొంచెం ఆమ్లగుణం ఇస్తుంది. విదేశాల్లో ఈ ఆకుల్ని ప్యాకెట్లలో పెట్టి అమ్ముతారు. పురుగుమందు కొట్టని చెట్టువి, రోడ్డు దుమ్ము పట్టనివి చూసుకోండి, చాలు.

మెత్తగానూ గట్టిగానూ కాని మధ్యరకం నీళ్లవాళ్లకు క్రిబెన్సిస్. దక్షిణ నైజీరియా వాగుల్లోది. గుడ్లకు వచ్చిన ఆడచేప పొట్ట చెర్రీపండు రంగుకు తిరుగుతుంది. మగదాని ముందుకెళ్లి విల్లులా వంగి ఆ పొట్టను చూపిస్తుంది. మగది నాలుగంగుళాలు దాటవచ్చు కాబట్టి రెండడుగుల ట్యాంకులో ఒక్క జంటే ఉండాలి, తోడుగా ఇంకే చేపా వద్దు. వీలైతే మూడడుగుల ట్యాంకు మంచిది.

ఏ చేప తెచ్చినా ట్యాంకు ముందుగా సిద్ధం కావాలి. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల ట్యాంకులోంచి వాడిన స్పాంజి ముక్క అడిగి తెచ్చుకుంటే త్వరపడుతుంది. ఈ చిన్న సిక్లిడ్లకు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరే మేలు. పిల్లల్ని లోపలికి పీల్చేయదు. వారానికి పావువంతు నీళ్లు మార్చండి. బోరు నీళ్లయితే రాత్రి బకెట్లో పట్టి, గాలి పెట్టి ఉంచి, పొద్దున పోయండి. అప్పుడే తోడిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుండి పీహెచ్ మారుతుంటుంది. ఎండాకాలంలో షెల్ డ్వెల్లర్లకూ ఎపిస్టోలకూ 30 దాటితే ఇబ్బంది. వేడెక్కిన కొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. మూత తీసి, నీటిమీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మూతకు బదులు దోమతెర కట్టండి. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

షెల్ డ్వెల్లర్లు మామూలు దుకాణాల్లో ఎప్పుడూ ఉండవు. చెన్నై కొళత్తూరులో రంగు చేపలను పిల్లలు తీయించే ఇళ్లు చాలా ఉన్నాయి, మన దుకాణాలకూ అక్కడినుంచి సరుకు వస్తుంది. ముందే చెప్పి తెప్పించుకోవాలి. మేతకు నాణ్యమైన చిన్న గుళికలు, వారంలో రెండుసార్లు ఫ్రీజ్ చేసిన బ్లడ్‌వార్మ్ చాలు. కాలువ బురదలోంచి తెచ్చిన ట్యూబిఫెక్స్ వేస్తే రోగాలూ వెంట వస్తాయి. పిల్లలు పుడితే ఆర్టీమియా గుడ్లు పొదిగించి పెట్టండి. మన కోస్తా రొయ్య హ్యాచరీల్లో రోజూ వాడే మేతే అది. ఉప్పునీళ్లలో గాలి పెడితే ఒకటిన్నర రోజుకు పిల్లలొస్తాయి.

ఏడాదికి మల్టీలు నిండిపోతాయి. అప్పుడు కొన్నిటిని వేరేవాళ్లకు ఇవ్వాలి. వలతో పట్టబోతే ఒక్కటీ దొరకదు, అన్నీ గుల్లల్లోనే ఉంటాయి. చేప దూరిన గుల్లను చేతితో తీసి, నోరు కిందికి ఉండేలా, పక్కన పెట్టుకున్న గిన్నెలోని నీళ్లపై పట్టుకోండి. గుల్లలోని నీళ్లు కారిపోతుంటే చేప నెమ్మదిగా వెనక్కి జారుతూ వచ్చి గిన్నెలో పడుతుంది. బలవంతంగా విదిలించకండి, వెన్ను దెబ్బతింటుంది. ఇచ్చేటప్పుడు నాలుగు గుల్లలు కూడా కవర్లో వేసి ఇవ్వండి.